ఇంటాయన పేరు

కొల్లేటి లంక నుంచి దోనెలో వచ్చిన ముసలామె కొత్త మునసబుగారి అరుగు ముందు నిలబడింది. ఊళ్ళో ఎవరు పుట్టినా, పోయినా సర్కారుకు రాసి పంపేది ఆయనే.

"పోయిన మనిషి పేరేమిటమ్మా?"

"మా ఇంటాయనండి."

"అది సరే, పేరు?"

ఆమె తల దించుకుంది. పెళ్ళయిన నాటి నుంచీ మొగుడి పేరు ఆమె నోట రాలేదు. ఏ ఇల్లాలూ పలకదు.

"నువ్వు చెప్పలేకపోతే ఇంకెవర్నయినా పంపు."

"ఎవరున్నారండీ? ఆ లంకలో ఉన్నదే మేమిద్దరవండి."

"మరి ఎలా పిలిచేదానివి?"

"ఇదిగో అంటే పలికేవారండి."

"ఇదిగో అని రాస్తే సర్కారు ఒప్పుకోదమ్మా."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని మెల్లగా అంది.

"పెద్దిరాజండి."

"రాసుకున్నాను. ఇక వెళ్ళిరా."

ఆమె కదల్లేదు.

"ఇంకొక్కసారి చెప్పమంటారా, బాబూ?"