ఎర్ర అట్ట తగిలించిన గది

నా పేరు బొల్లెపల్లి అనంతమ్మ, భర్త కీర్తిశేషులు మట్టయ్య. వయస్సు అరవై మూడు ఏండ్లని ఆధార్ కార్డులో ఉంది, అంతకంటే రెండు మూడు ఎక్కువే ఉంటాయి. మూడో తరగతి వరకు చదివాను. సొంతూరు నల్గొండ జిల్లా మునుగోడు దగ్గర. ఇప్పుడు సరూర్‌నగర్‌లో కిరాయి ఇంట్లో కోడలు మౌనికతో ఉంటున్నాను. కొత్తపేట మెయిన్ రోడ్డు మీది హోటల్లో గదులు శుభ్రం చేస్తాను. నాలుగో అంతస్తు నాది. ఈ రోజు 15-2-2025 శనివారం ఉదయం 11 గంటలకు ఎస్.ఐ. విజయశ్రీ మేడం పిలిపిస్తే స్టేషన్‌కు వచ్చి ఈ విధంగా చెబుతున్నాను. బీపీ గోలీ వేసుకునే వచ్చాను. ఇంట్లో గ్యాస్ బంద్ చేశానో లేదో అని భయపడితే మేడం మౌనికకు ఫోన్ చేయించారు. బంద్ చేసే ఉందట.

మా హోటల్ ఉన్న జాగాలో పూర్వం పాండురంగం పటేల్ ఫంక్షన్ హాల్ ఉండేది. నేను అక్కడ గిన్నెలు తోమేదాన్ని. ఆరేళ్ల కింద పటేల్ హాల్ కూలగొట్టి, ఏడంతస్తులు కట్టి, ఒక విదేశీ కంపెనీ బోర్డు పెట్టాడు. బిల్డింగు పటేల్‌ది, పేరూ పద్ధతీ కంపెనీవి. ఆ కంపెనీకి లోకమంతా కలిపి మూడు వేల హోటళ్లు ఉన్నాయని, ఏ ఊళ్లో ఏ గదిలో పడుకున్నా అదే దుప్పటి, అదే వాసన, అదే మాట అని ట్రైనింగులో చెప్పారు. లేచినవాడికి తాను ఎక్కడున్నాడో ఎట్లా తెలుస్తుందని అడిగాను. అందరూ నవ్వారు.

తర్వాత నాగోల్‌లో రెండోది తెరిచారు. అబ్దుల్లాపూర్‌మెట్‌లో మూడోది లేస్తోంది. దానికి కంపెనీ తన పేరు ఇవ్వాలంటే మా హోటల్‌కు మంచి మార్కులు రావాలి. మార్కులు వేసే మనిషి తానెవరో చెప్పరు. మామూలు గిరాకీలా దిగి, అన్నీ చూసి పోతారు. ఆ మనిషి ఈ నెలలోనే వస్తున్నట్టు మేనేజర్ ధనరాజ్ సార్‌కు తెలిసింది. ఆయన పటేల్ అల్లుడు.

కంపెనీ పద్ధతిలో ఒకటి నాకు కష్టమయ్యేది. గెస్టును ఏదైనా ఒక్కసారే అడగాలి. మా దిక్కు అన్నం దగ్గర మారు అడుగుతాం. మొదటిసారి ఎవరైనా వద్దనే అంటారు, ఆకలితో ఉన్నవాళ్లు కూడా. రెండోసారి అడిగితే అప్పుడు నిజం చెబుతారు. నేను అట్లాగే అడుగుతుంటే ఒక గెస్టు కంప్లైంట్ ఇచ్చాడు. ధనరాజ్ సార్ పిలిచి, "పెద్దమ్మా, గిది నీ ఇల్లు కాదు. ఇంకోపారి మారు అడిగినవో, ఇంటికి పోతవ్" అన్నాడు. అప్పటినుంచి ఒక్కసారే అడుగుతున్నాను.

10-2-2025 సోమవారం మధ్యాహ్నం పన్నెండున్నరకు గంగాధరరావు గారు 407లో దిగారు. గుంటూరు వైపు మనిషి, అరవై దాకా ఉంటాయి. గది నేనే చూపించాను. ఆయన టేబుల్ మీద వేలితో రాసి చూసుకున్నారు. దిండు ఎత్తి వాసన చూశారు. మెట్లు ఎటువైపని అడిగి చిన్న పుస్తకంలో రాసుకున్నారు. "దుమ్ము లేదండీ, బాగుందమ్మా" అన్నారు. నేను కిందికి వచ్చి ఈ సంగతి రిసెప్షన్‌లో శృతికి చెప్పాను. నేను చెప్పకపోతే బాగుండేది. చెప్పింది నేనే.

"అయ్యో, గాయనే! మార్కులేసే సారు గాయనే!" అన్నది శృతి. ధనరాజ్ సార్ నోటి మీద వేలేసుకుని, "ఎవ్వలూ తెలిసినట్టు చెయ్యకుండ్రి" అన్నాడు.

రెండు గంటలకు 407 తలుపు పిడికి ఎర్ర అట్ట తగిలించి ఉంది. ఎర్ర అట్ట ఉంటే మేం తలుపు తట్టకూడదు.

మంగళవారం పొద్దున తొమ్మిదికి కూడా ఎర్ర అట్ట ఉంది. ధనరాజ్ సార్ తలుపు ముందు పండ్ల బుట్ట పెట్టించాడు. సాయంత్రానికి అది అట్లాగే ఉంది. గదికి ఫోన్ కొట్టారు, ఎవరూ ఎత్తలేదు. సార్ జర తలుపు తీసి చూద్దామా అన్నాను. "ఎత్తకపోవుడు గూడ పరీక్షే పెద్దమ్మా. తీస్తే మార్కులన్నీ పాయె" అన్నాడు. ఆ రోజు 407 ముందు నుంచి అందరం గుడి ముందు నడిచినట్టు నడిచాం. ఒకరిద్దరు చెప్పులు కూడా విడిచారు.

బుధవారం పాత పండ్లు తీసి కొత్తవి పెట్టారు. పేపర్లు రెండు పడి ఉన్నాయి. తలుపు కింది నుంచి చల్లగాలి వచ్చి కాళ్లకు తగులుతోంది. నాకు మనసు ఆగలేదు. మధ్యాహ్నం మూడు గంటల పది నిమిషాలకు, ఎర్ర అట్ట ఉన్నా తలుపు ఒక్కసారి తట్టాను. "సార్, అన్నం తిన్నరా? ఏమన్న కావాల్నా?" అన్నాను.

లోపలి నుంచి, "వద్దమ్మా, పర్లేదండీ" అని వినిపించింది.

స్పష్టంగా వినిపించింది. మా అంతస్తులో అట్లా గుంటూరు యాసలో మాట్లాడేవాళ్లు ఇంకెవరూ లేరు. మాట తలుపును ఆనుకునే వచ్చింది, కానీ నా ముఖం ఎత్తు నుంచి కాదు, మోకాళ్ల ఎత్తు నుంచి. ఎదుటి 408లో మంగళవారం దిగిన ఆడమనిషి తలుపు సందులోంచి నన్ను చూస్తోంది. నేను సిగ్గుపడి వెళ్లిపోయాను. ఆమె ఆ సాయంత్రమే ఖాళీ చేసింది.

గురువారం పదకొండు నలభైకి గంగాధరరావు గారి కూతురు ప్రవీణ నాగోల్ నుంచి వచ్చింది. ఏదో మాటా మాటా అయి ఆయన ఆమె ఇంటికి పోకుండా హోటల్లో దిగారట. మూడు రోజులుగా ఫోన్ ఎత్తట్లేదని వెతుక్కుంటూ వచ్చింది. తలుపు తీస్తే జానెడు తెరుచుకుని ఆగిపోయింది. ఆయన తలుపు వెనకాలే పడి ఉన్నారు, ప్రాణం లేదు. మంచం మీద దుప్పటి సోమవారం పొద్దున నేను మడిచింది మడిచినట్టే ఉంది. "నాన్న ఎక్కడికి పోయినా వేలితో దుమ్ము చూస్తాడండీ, మా ఇంట్లో కూడా అంతే" అని ఆ అమ్మాయి ఏడ్చింది.

శుక్రవారం సాయంత్రం నాలుగింటికి ధనరాజ్ సార్ అందరినీ పిలిచి లడ్డూలు పంచాడు. మార్కులు వచ్చాయి. కాగితం తెలుగులో చెబుతూ చదివాడు. "నాలుగో అంతస్తులో పెద్ద వయసు పనిమనిషి 407 తలుపు ఒక్కసారే తట్టింది. ఒక్కసారే అడిగింది. లోపలి అతిథి మర్యాదగా వద్దన్నారు. ఆమె మారు అడగకుండా వెళ్లిపోయింది. నూటికి నూరు."

అక్కడ ఆగిపోయాడు. "లోపలి అతిథా?" అన్నది శృతి. ఆమె చేతిలో లడ్డూ చేతిలోనే ఉంది. మార్కులు వేసింది 408 ఆమె అని మాకు అప్పుడు అర్థమైంది.

తర్వాత ధనరాజ్ సార్ నన్ను పక్కకు పిలిచాడు. "సోమవారం సాయంత్రమే పోయిండని డాక్టర్ రాసిండు. నువ్వు విన్ననంటే, బతికున్న మనిషిని మనం వదిలేసినట్టయితది. ఏం వినలేదని చెప్పు. అబ్దుల్లాపూర్‌మెట్‌ల నిన్ను సూపర్‌వైజర్ చేస్త" అన్నాడు. అక్కడ కూడా 407 ఉంటుందా అని అడిగాను. "అన్నీ గిట్లనే ఉంటయి" అన్నాడు.

ఆ మార్కుల కాగితం మేడం తెప్పించుకున్నారు. "పెద్దమ్మా, డాక్టర్ సోమవారమంటుండు, నువ్వు బుధవారమంటున్నవ్. ఏది రాయాలె?" అని అడిగారు. రెండూ రాయమన్నాను. డాక్టర్ చెప్పింది నిజమైతే నాకు జవాబు చెప్పింది ఎవరో నాకు తెలియదు. నేను విన్నది నిజమైతే ఆయన అప్పటికి బతికే ఉన్నారు. రాత్రంతా రెండూ ఆలోచించాను. ఏది నిజమైనా ఆయన వద్దన్నారు, నేను సరే అనుకున్నాను. మారు అడగలేదు.

పైన ఉన్నదంతా నేను చెప్పగా రాశారు, చదివి వినిపించారు. ఎవరూ బలవంతపెట్టలేదు. బుధవారం మాట కొట్టివేయాలా అని మేడం ఒకసారి అడిగారు, వద్దన్నాను. రెండోసారి కూడా అడిగారు. వద్దనే అన్నాను.

బొల్లెపల్లి అనంతమ్మ
ఎడమచేతి బొటనవేలి ముద్ర