ఇసకదిబ్బ పంచాయతీ అయిన వైనం

"టీలో ఇంకాస్త చక్కెరెయ్ సిలారూ. రేపు గ్రామసభకి ఆఫీసరొస్తాడు. మన దిబ్బని వేరే పంచాయతీ చేస్తా ఉండారు గదా, ముందుగా కాపురమొచ్చిందెవరు, ఎవరి పేరు పెట్టాల అని అడగతాడు. ముత్యాలయ్యపాళెం! బోర్డు మీద ఎంత బాగుంటాదో చూడండి. నేను పోయినా పేరుంటాది.

అప్పుడిది వొట్టి ఇసక. సముద్రం, నక్కలు, నేను. అంతే. దాహమేసి, చేతుల్తో ఇసకలో దొరువు తవ్వినా. రెండు మూరలకే తియ్యటి నీళ్లు!"

"రెండు మూరలకేనా ముత్యాలన్నా?" అన్నాడు టీకొట్టు సిలార్.

"నేను తవ్వితే అంతే. ఆ నీళ్లు చూసి ఏడు గుడిసెలొచ్చినాయి. ఆ రోజులే వేరబ్బా! ఒక గుడిసెలో చేపల పులుసు కాగితే ఏడిళ్లూ తినేవాళ్లం. పొద్దు వాలితే దొరువు చుట్టూ చేరి ఒకటే కబుర్లు. ఇప్పుడు ఇంటింటికీ కొళాయి, ఎవురి నీళ్లు వాళ్లవి. నాకదే బాధ.

ఆ తర్వాత ఏమైందో తెలుసా? వాకాడు జనం బండ్లు కట్టుకోని వచ్చేసినారు. కోవూరోళ్లు పెన్న దాటేసినారు. ఓడలు మన దొరువులో నీళ్లు నింపుకోని పోయేవి. చోటు చాల్లేదు. సముద్రాన్ని భుజంతో ఒక్క నెట్టు నెట్టినా, రెండు మైళ్లు జరిగింది!"

"సముద్రమేమన్నా బెంచీనా, నెడితే జరిగేదానికి?" అన్నాడు బెంచీ మీద టీ తాగతా ఉన్న కుర్రాడు నరేంద్రబాబు.

"నవ్వబాక. కలెక్టరొచ్చి మండలం చేస్తానన్నాడు, జిల్లా చేస్తానన్నాడు. ఢిల్లీ నించి జాబొచ్చింది, 'ముత్యాలయ్య గారూ, మీకు రాష్ట్రమే ఇస్తాం, రాజధాని యాడ పెట్టుకుంటారు?' అని. నెల్లూరు చిన్నబుచ్చుకుంటాదని నేనే వద్దన్నా."

పాల చెంబు కోసం వచ్చిన ముత్యాలయ్య అక్క మాలకొండమ్మ అక్కడే ఆగిపోయింది.

"వొరే ముత్యాలూ, ఆ దొరువు తవ్విన్నాటికి నీకెన్నేళ్లురా?"

ముత్యాలయ్య టీలో చక్కెర కలపసాగాడు.

"ఏడాదిన్నర. నా చంకలో ఉండి నీళ్లకేడస్తా ఉండావు. దోవలో కుండ పగిలిపోయింది. అమ్మ కొబ్బరి చిప్పతో తవ్వింది, చిప్ప పగిలితే చేతుల్తో తవ్వింది. గోళ్లూడినాయి. ముందు నీకే తాపింది."

ఏడాదిన్నర అన్నప్పుడు కొట్టంతా గొల్లున నవ్వింది. గోళ్ల మాటకి ఆ నవ్వు ఆగిపోయింది. ముత్యాలయ్య చల్లారిన టీ వంకే చూస్తూ కూర్చున్నాడు. అమ్మ చేతులు గుర్తు తెచ్చుకోబోయాడు, రాలేదు. కళ్లు తుడుచుకున్నాడు.

"రేపు పిచ్చమ్మపాళెం అని రాయించండయ్యా. మాయమ్మ పేరు," అన్నాడు.

టీ గ్లాసు బెంచీ మీద పెట్టి మళ్లీ అందుకున్నాడు.

"కింద చిన్నక్షరాలతో ఒక్క ముక్క. నీళ్లకి ఏడ్చింది ముత్యాలయ్య అని."