మెర్ల్ బూడిదరంగు టీషర్టు

నెబ్రాస్కాలో మొక్కజొన్న చేల నడుమ ఒక చిన్న ఊరు. ఆర్లీన్ పెరట్లో దుప్పట్లు ఆరవేస్తోంది. ఆమె మాజీ మొగుడు మెర్ల్‌ను నిరుడు పెళ్ళాడిన ట్వైలా, ఒక టీషర్టు చేతబట్టుకుని వచ్చి నిలబడి ఉంది.

"చన్నీళ్ళతోనే ఉతికానండీ ఆర్లీన్ గారూ. ఒట్టు."

"గారూ గీరూ ఎందుకు ట్వైలా? ఇద్దరం ఒకే మనిషి బట్టలు ఉతికినవాళ్ళం. ఏదీ, ఇటు తే. అయ్యో అయ్యో!"

"చూశారా?"

"మెడేమో ఇంత సాగింది, నిడివేమో ఇంతకి ముడుచుకుపోయింది. ఇది చొక్కానా, దిండు గలీబా?"

"నవ్వకండి. గడ్డిమోపు ఎత్తినప్పుడల్లా బొడ్డు బయటపడుతోందట. నిన్న కాఫీ హోటల్లో అందరి ముందూ అన్నాడు. ఆర్లీన్ ఉతికితే ఒక్క చొక్కా ఏళ్ళ తరబడి కొత్తదిలా ఉండేదట, నా చేతిలో పడితే వారం తిరక్కుండానే గోనెసంచీ అట."

"అందరి ముందా?"

"పాస్టరు గారు కూడా ఉన్నారు."

"నా గురించి మెర్ల్ నోటి వెంట మంచిమాట రావడం ఇదే మొదటిసారి. కాపురం చేసినన్నాళ్ళూ రాలేదు."

"డ్రయ్యరు మానేశాను. తిరగేసి ఉతికాను. తువ్వాలు మీద పరిచి ఆరబెట్టాను. దళసరివి కొన్నాను, నైలాను కలిసినవి కొన్నాను. ఏది తెచ్చినా అదే సణుగుడు. బట్టలుతికే రోజు వస్తోందంటే ఇల్లొదిలి పారిపోవాలనిపిస్తోందండీ."

"ఉప్పు వేశావా?"

"వేశాను."

"వెనిగరు?"

"వేశాను. మీరు మాట దాటేస్తున్నారు."

"దాటేయడం లేదు. ఆ క్లిప్పులు ఇలా అందుకో."

"ఆర్లీన్ గారూ..."

"ఎవరికీ చెప్పనంటేనే."

"చెప్పను."

"నేనూ పాడుచేశాను. ప్రతి ఏడూ."

"మరి ఏళ్ళ తరబడి ఉన్న చొక్కా?"

"ఒకటైతే కదా! చలి తగ్గగానే కొత్తది కొనేదాన్ని. కాస్త వెలిసేదాకా ఉతికి, జేబు కింద, పాతదానికి ఉన్న చోటే, ట్రాక్టరు గ్రీజు ఒక చుక్క రాసి సొరుగులో పెట్టేదాన్ని."

"సైజు?"

"పొట్టతోపాటే పెంచాను. మెడ దగ్గరి చీటీ కత్తిరించేస్తే ఎవడికి తెలుస్తుంది? పాపం, తనింకా మీడియమనే అనుకుంటున్నాడు."

"అనుమానమే రాలేదా?"

"అద్దంలో చూసుకుని, 'నేను ఎంచే సరుకు అలాంటిది' అనేవాడు."

"ఎందుకండీ ఇదంతా?"

"మొదట్లో భయపడి. తర్వాత అలవాటై. చివరికి, నిజం చెప్పొద్దూ, సరదాకి. నువ్వూ అలాగే చెయ్యి. హైవే పక్కన రైతుసామాన్ల కొట్లో దొరుకుతాయి. ఇక పల్లెత్తు మాట అనడు."

"ఆ కొట్టు తెలుసండీ. పెళ్ళికి ముందు అక్కడ కౌంటర్లో ఉన్నది నేనేగా. మీరెప్పుడూ తలెత్తి చూసేవారు కాదు గానీ, మీ చొక్కాలకి ఏటా బిల్లు కొట్టింది కూడా నేనే."

"ఆఁ? అయితే నీకు ముందే తెలుసా! మరి ఇంతసేపూ నన్నెందుకు అడిగినట్టు?"

"నాకు నిజం చెప్పే మనిషో కాదో చూద్దామని. ఇప్పుడు అసలు మాట అడుగుతాను. ఆ ఇంట్లోంచి వచ్చేసిన రోజు, ఆయనతో ఏమని చెప్పి వచ్చారు?"