చివరి పేజీకి పసుపు

అధ్యక్షులు శ్రీమన్నారాయణ గారికి, కార్యదర్శి బసవేశ్వరరావు గారికి, బాపట్ల నుంచీ కొల్లిపర నుంచీ వచ్చిన పెద్దలకి, ముందు వరసలోని అక్కయ్యలకి, రేపల్లె నుంచి బస్సులో నిలబడి వచ్చిన ఖాదర్ మొహిద్దీన్ సాహెబు గారికి నమస్కారాలు. నా ఉద్యోగంలో ఇవాళ ఆఖరి రోజు, మాట మొదలుపెట్టే ముందు ఒక్క మనవి. నా మెడలో దండ ఉంటే ఉండనివ్వండి, ఆ బల్లమీది పుస్తకానికి వేసిన దండ మాత్రం తీయించండి. తడి దండ అది. (నవ్వులు) నవ్వకండి, నిజంగానే చెబుతున్నాను.

ఆ పుస్తకం సంగతి కొత్తవాళ్లకి తెలియదు. అరవై రెండులో, నేను ఈ తెనాలి గ్రంథాలయంలో చేరిన కొత్తల్లో, కొల్లిపర శివరామయ్య గారు అటక దులిపించి పంపిన పాత పుస్తకాలతో వచ్చింది. చేతిరాత, పారసీ. మనిషి ఎలా మసులుకోవాలో సూఫీ పెద్దలు చెప్పిన నీతులట. చదివించండి మహాప్రభో అని నేను మొత్తుకుంటుంటే, కమిటీవారు అన్నిటికంటే పాతది కదా అని దసరాకి సరస్వతి పూజలో దాన్నే పైన పెట్టారు. పండగ వెళ్లింది, పుస్తకం మాత్రం పీట దిగలేదు. పూజలో ఉన్నదాన్ని కదపకూడదట! ఏటా మొదటి పేజీకి పసుపు, కుంకం, తడి గంధం. వద్దండీ అంటే, "హైమావతమ్మకి భక్తి తక్కువ" అన్నారు. అన్నవారు ఇక్కడే ఉన్నారు, పేరు చెప్పను. (శ్రీమన్నారాయణ గారు నవ్వారు)

చివరికి నేనే రేపల్లె వెళ్లి, ఒకప్పుడు పిల్లలకి పారసీ చెప్పిన సాహెబు గారిని బతిమాలి తీసుకొచ్చాను. ఆయన చేతులు కడుక్కుని, తుడుచుకుని, పుస్తకాన్ని తిరగేసి కుడివైపు నుంచి తెరిచారు. ఏటా ఆ పసుపు పెట్టే మన ధనమ్మ గారు హడలిపోయారు. "అయ్యో, వెనకనుంచి తీస్తున్నారేంటండీ!"

"లేదమ్మా, దీనికి ఇదే మొదలు. మీరు ఇన్నేళ్లూ చివరి పేజీకి పసుపు పెట్టారు" అన్నారాయన, ఎంతో మెత్తగా.

(నవ్వులు) నాకు మాత్రం ఆవేళ ఏడుపొచ్చింది. గంధం తడికి సిరా కరిగి, చివరి అధ్యాయం మొత్తం పచ్చటి మరక అయిపోయింది. ముందున్న విషయాల పట్టీలో దాని పేరు మిగిలింది. కలిసి బతికిన వాళ్ల దగ్గర సెలవు ఎలా తీసుకోవాలి అన్నది ఆ అధ్యాయం. ఇవాళ నాకు కావలసింది అదే, మనం కడిగేసిందీ అదే.

అప్పటినుంచి ఆయన చదివి చెప్పడం, నేను తెలుగులో రాసుకోవడం. సగం అయింది. ఆయన కళ్లకి పొర కమ్ముకొస్తోంది. ఈ చుట్టుపక్కల ఈ పుస్తకం చదవగలిగిన మరో మనిషి నాకు దొరకలేదు. ఇలాంటి సమయంలో కమిటీవారు నా మీద గౌరవంతో ఏం చేశారు? పుస్తకానికి అద్దాలపెట్టె చేయించి, దాని మీద నా పేరు చెక్కించారు. రేపు అందులో పెట్టి తాళం వేస్తారట. బసవేశ్వరరావు గారూ, మీ అభిమానానికి దణ్ణం పెడతాను, కానీ ఇంతకంటే ఆ పసుపే నయం అండీ! పసుపు ఒక్క అధ్యాయాన్నే తినేసింది.

ఇందులో కోపం గురించి కూడా ఒక అధ్యాయం ఉంది. కోపం వచ్చినప్పుడు నిలబడి ఉంటే కూర్చోమన్నారు. చూస్తున్నారుగా, ఇందాకటి నుంచి నేను నిలబడే ఉన్నాను. (నవ్వులు)

అధ్యక్షా, అద్దాలపెట్టెలో మీరు నాకు కప్పిన ఈ శాలువా పెట్టుకోండి, అందరూ చూస్తారు. గురునాథం, ఆ దండ తియ్యి నాయనా. పుస్తకం తీసుకెళ్లి సాహెబు గారి ఒళ్లో పెట్టు. ఫరవాలేదు, పెట్టు. ఈ సాయంత్రం దాకా ఇక్కడ ఉద్యోగిని నేనేగా, రేపు ఎవరైనా అడిగితే నా పేరు చెప్పు.

(అటెండరు గురునాథం అధ్యక్షుల వైపు చూశాడు. శ్రీమన్నారాయణ గారు లేచి, తడి దండ తానే తీసి పక్కన పెట్టారు.)

చాలండీ. నాకు సన్మానం జరిగిపోయింది. సాహెబు గారూ, కుడివైపు నుంచి తెరవండి, ఎవరూ ఏమీ అనరు. ఇన్నేళ్లు నా నోటిని భరించిన మీ అందరికీ కృతజ్ఞతలు. సెలవు తీసుకునే పద్ధతి రాసిన పేజీ లేదు కాబట్టి, నాకు చేతనైనట్టు తీసుకుంటున్నాను.

ఇక కూర్చుంటాను. సెలవు.