ఇసుక బకెట్టు

క్రిస్మస్ సాయంత్రం, మునిర్కాలో ఒక మేడ మీద, ఇసుక బకెట్టుకి చెరోవైపున భార్యాభర్తలు. ఆమె చేతిలో రంగురంగుల నిప్పుండలు చిమ్మే రోమన్ క్యాండిల్ గొట్టం ఉంది.

“డిసెంబర్‌లో ఢిల్లీలో టపాకాయలు ఎవడమ్మాడు నీకు?”

“దీపావళికే కొని దాచానండీ. మా ఆసుపత్రిలో పనిచేసే ఫెలిక్స్ ఏరి ఇచ్చాడు. గొట్టం సొట్టపోనిది, వత్తి చెమ్మెక్కనిది చూసి తీసుకోవాలట.”

“పొద్దున్నించీ అతని మాటే!”

“ముందు దీన్ని సగం దాకా ఇసుకలో పాతండి. కరెంటు తీగలు ఇటువైపు లేవు.”

“అదీ అతనే చెప్పాడా? ఇలా తే. మా ఊళ్ళో చేత్తో పట్టుకునే కాల్చేవాళ్ళం. మీ ఫెలిక్స్‌కి భయమేమో, నాకు లేదు.”

“పోయినేడు అతనూ చేత్తోనే పట్టుకున్నాడు. అది వెనకనుంచి పేలింది. రెండు వేళ్ళు పోయాయి.”

“అయ్యో... కట్టు కట్టిందెవరు?”

“మా వార్డులోనే కదా చేరాడు. నేనే.”

“రోజూనా?”

“రోజూ.”

“చెయ్యి పట్టుకుని?”

“పట్టుకోకుండా కట్టు ఎలా కడతారండీ?”

అతను గొట్టాన్ని కసిగా ఇసుకలో గుచ్చాడు.

“మూడంతస్తులు ఈ ఇసుక మోసుకురమ్మన్నదీ అతనేనా?”

“కాదు. మీరు చేత్తో పట్టుకుంటానంటారని నాకు తెలుసు.”

“...సరే, ఆ అగరొత్తి ఇలా ఇచ్చి నువ్వు దూరంగా జరుగు.”

“మీరూ ముట్టించగానే వచ్చేయండి. కట్లు కట్టడానికి ఇవాళ నాకు సెలవు.”