బతికున్నోనికి దండ

ఏంది బిడ్డా శృతీ, గట్ల కొయ్యబారి నిలవడ్డవ్? మీ నాయిన ఎగవడి ఎగవడి వినే బ్యాండుకు యాభై ఏండ్లు నిండినయని, నాయిన ఫోటో ఫోన్ల పెడ్తనని ఫ్రేము గుంజుకుంటివి. పెట్టినంక మళ్ల గోడకు తగిలియ్యాలె గదా. ఏందీ, ఎనకాల ఇంకోడున్నడా? మీ నాయిన ఎనకాల ఇంకోడు ఉండుడేంది, జర ఇటు తే. ఉండు, ముందు నా అద్దాలియ్యి. ఓరి దేవుడా! గీడు డెన్నిసు గదా! గీడు ఈడెట్లున్నడు? నన్ను కూసోనియ్యి బిడ్డా.

నీకు తెల్వదు, నువ్వప్పుడు పుట్టనే లేదు. డెన్నిసంటే గా బ్యాండుల పాడేటోడు, గిటారు కొట్టుకుంట గొంతు చించుకునేటోడు. మీ నాయినకు, అదే మా తమ్ముడు ధనరాజుకు, ప్రాణం. కోఠిల కేసెట్ కొనుక్కొచ్చిండు, ఇగ ఇల్లంత అదే మోత. గప్పుడు దిల్‌సుఖ్‌నగర్ గిట్లుండెనా? గీ మెట్రో స్తంభాలేడివి, గీ కోచింగు పిలగాండ్లేడోళ్లు? అల్మాస్‌గూడ దిక్కు పోతే మన ద్రాక్షతోట. మోటరు సప్పుడు మీదికెళ్లి ఇనవడేటట్టు పెడ్తుండె ధనరాజు. కూలికొచ్చిన ఆడోళ్లు గూడ గా పాటకు కూనిరాగం తీస్తుండిరి, అర్థమైనట్టే. ఏం చెప్తున్న? ఆఁ, డెన్నిసు. ఒకనాడు ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత ఇంగ్లీషు పుస్తకం దొరికింది. అండ్ల వీని ఫోటో, కింద విమానం కూలి సచ్చిపోయిండని రాసుంది. మీ నాయిన ఇంగ్లీషు పదో తరగతిల్నే ఆగిపాయె. కూడబలుక్కొని చదివి, అన్నం ముట్టకుంట మూలకు పన్నడు.

ఇగ ఏటేటా వర్ధంతి షురూ. గీ వరండాలనే టేబులు, ఫ్రేము కట్టిచ్చిన ఫోటో, బంతిపూల దండ, నొసట కుంకుమ బొట్టు, కొబ్బరికాయ. టేపురికార్డరు సౌండు ఫుల్లు. గల్లీ మొత్తానికి పులిహోర. మీ నాయినమ్మ కృష్ణమ్మ, ఆ ఫోటో చూసినప్పుడల్లా "గీ పిలగానికి తల్లి లేదారా, జర ఆ జుట్టు కత్తిరిపిచ్చెటందుకు?" అంటుండె. అనుకుంటనే పులిహోరకు చింతపండు నానవెడ్తుండె. "ఎవలైతేంది తియ్యి, ఒక తల్లి కన్నబిడ్డనే గదా" అని.

ఒక ఏడు మీది పోర్షన్ల రామమోహనరావని కొత్తగ కిరాయికొచ్చిండు. గుంటూరు దిక్కాయన, బ్యాంకుల నౌకరి. ఇంగ్లీషు పేపరు మూలమూలా చదవంది ఆయనకు తెల్లారదు. వర్ధంతి నాడు పులిహోర పళ్లెం పట్టుకోని మెట్లు దిగొచ్చిండు, ఫోటో ముందు నిలవడ్డడు. "ఏవయ్యా ధనరాజూ, ఈయన బతికే ఉన్నాడు కదయ్యా! మొన్ననే లండన్లో పాడాడని పేపర్లో వేశారు. విమానం కూలి పోయింది వాళ్ల డ్రమ్స్ వాయించే ఆయన" అన్నడు. మీ నాయిన కొబ్బరికాయ కొట్టబోతుండె, ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉంది. మరి ఎన్నేండ్లాయె బతికున్న మనిషికి దండేసి, బొట్టు పెట్టి, దీపం ముట్టిచ్చి! దండ పీకి పారేసిండు. అంగి కొసతోని బొట్టు తుడుస్తున్నడు, తుడుస్తున్నడు, అద్దం పలుగుతదేమో అనిపిచ్చింది. మీ నాయినమ్మ నెత్తి కొట్టుకుంట "బతికున్నోనికి దండేస్తివి గదరా! వాని తల్లికి తెలిస్తే ఏమైపోవాలెరా!" అని ఒకటే ఏడ్పు. రామమోహనరావు పాపం పళ్లెం ఏడ పెట్టాల్నో తెల్వక "సారీ అండీ, సారీ అండీ" అనుకుంట మెట్లెక్కిండు.

ఉన్నపళంగ మీ నాయిన స్కూటర్ తీసిండు, కర్మన్‌ఘాట్ హనుమాన్ గుడికి. ఎనకాల నేను కూసున్న. అర్చనకు అయ్యగారు పేరడిగితే "డెన్నిస్" అన్నడు. అయ్యగారు ఒకపారి వాన్ని చూసిండు, ఒకపారి నన్ను చూసిండు. "గోత్రం?" అన్నడు. టక్కున మన గోత్రం చెప్పిండు మీ నాయిన. నాకు నవ్వాగలే, గని వాని కండ్లల్ల నీళ్లు చూసి నోరు మూసుకున్న. వాపసొచ్చేటప్పుడు బండి ఆపి, "అన్నా, నేనున్నా లేకున్నా ఇగ వానికి దండ పడొద్దు, ఒట్టెయ్యి" అన్నడు. వాని చేతుల చెయ్యేసిన. ఆ ఫోటో దండ లేకుంట గోడకెక్కింది. వర్ధంతి బందు, పుట్టినరోజు షురూ. పులిహోర మాత్రం అదే.

ఊరుగాని ఊరోనికి ఆయుష్షు అడిగినోడు తనకు అడుక్కోలేదేమో బిడ్డా. నువ్వు నర్సరీల ఉంటివి. ఎల్బీనగర్ చౌరస్తాల బండి మీదనే ఛాతి పట్టుకున్నడు. దవాఖానకు పోయేలోపే... పోనియ్యి. పెద్దకర్మకు ఫోటో కావాలె. మీ అమ్మ ప్రవీణ సోయిల లేదు. నాకు కండ్లు మసకలు, గోడకున్న డెన్నిసు ఫ్రేమే తీస్కపోయి స్టూడియోల ఇచ్చి "దీంట్ల మా తమ్ముని ఫోటో పెట్టు" అన్న. డెన్నిసు ఫోటో ఆ స్టూడియోలనే పోయిందనుకున్న ఇన్నేండ్లు. స్టూడియోవాడు తియ్యనే తియ్యలే సూడు! మీది మీదనే పెట్టి మేకులు కొట్టిండు.

అంటే... అంటే నేను పొద్దున్నే బొట్టు పెట్టి, పండుగ పండుగకు దండ మార్చింది... డెన్నిసుకు గూడనా! అయ్యో, అయ్యో! బిడ్డా, వాడెట్లున్నడో చూడు ముందు. ఫోన్ల చూడు జల్ది. యాభై ఏండ్ల పండుగంటివి, వాడున్నడా అండ్ల? ఉన్నడా! ఎనభైకి దగ్గరవడ్డోడు ఇంక పాడుతుండా? నిలవడేనా, కుర్చీ ఎయ్యలేదా? ఏదీ, చూపియ్యి. జుట్టంత తెల్లగైంది. ఇంక కత్తిరియ్యలే వీడు!

హమ్మయ్య. వేరే ఫ్రేము ఎందుకు? వద్దు. మన గోత్రమోడే గదా, ఎట్లున్నోళ్లను అట్లనే పెట్టు ఇద్దర్ని. గా దండ మాత్రం ఇటియ్యి. మీ నాయినకు గూడ వద్దు. ఒట్టు ఒట్టే. మీ అమ్మ అడిగితే పెద్దనాయిన తీసిండని చెప్పు. అద్దం మీద బొట్టు గూడ తుడువు, జర మెల్లగ. ఆఁ, తగిలియ్యి. దండ లేకుంటే చూడు మావోడు, బండి తాళాలు మర్శిపోయి మళ్ల లోపలికొచ్చినట్టున్నడు...

పో బిడ్డా, చాయ్ పెట్టుపో. చక్కెర జర ఎక్కువెయ్యి.