పదకొండింటి లాగిన్

కోడలు ఆఫీసులో, అత్తగారు ఇంట్లో కంప్యూటర్ ముందు. మధ్యలో ఫోను.

“చుక్కలే పడుతున్నాయమ్మాయ్. ఎన్నిసార్లు కొట్టినా చుక్కలే.”

“పాస్‌వర్డ్ అంటే చుక్కలే పడతాయి అత్తయ్యా. ఆ తర్వాత ఏమంటోంది?”

“తప్పంటోంది. ఆరుసార్లు తప్పంది. ఇప్పుడసలు కొట్టనివ్వడమే లేదు, పావుగంట ఆగమంటోంది.”

“ఆగండి మరి. పావుగంటేగా.”

“ఆగలేను. పదకొండుకల్లా నేను లోపలుండాలి.”

“పదకొండింటికి ఏముంది?”

“ఏముంటుంది. వంటల వీడియో.”

“వీడియో ఎక్కడికి పోతుంది? పన్నెండింటికి చూసినా అదే కూర, అదే ఉడుకు.”

“అక్కణ్ణుంచే తాళం తీయగలనన్నావుగా. తియ్యి తల్లీ, మాటలు తర్వాత.”

“సరే, నా అడ్మిన్ పేరుతో వస్తున్నా. ఓ నిమిషం... కనపడింది. కీబోర్డు తెలుగులో ఉంది అత్తయ్యా. మీరు ఇంగ్లీషులో కొట్టాననుకుంటున్నారు, అది తెలుగులో రాసుకుంటోంది.”

“నేను పెట్టలేదే.”

“మామయ్య పెట్టుంటారు. ఎక్కడాయన?”

“చెప్పులు కుట్టించుకొస్తానని వెళ్ళారు. పొద్దున్నించీ ఒకటే పోరు, మా చెల్లెలింటికి వెళ్ళమని. పదింటికల్లా వెళ్ళు, సాయంత్రం దాకా ఉండు, పాపం నిన్ను తలుచుకుంటోంది అని. తలనొప్పని చెప్పి ఉండిపోయా. అమ్మాయ్, బాణం దానంతటదే కదులుతోంది.”

“నేనే. మౌస్ మీంచి చెయ్యి తీయండి. మీరటు నేనిటు లాగితే అది ఎటూ పోదు.”

“తీశా.”

“ఇప్పుడు కొత్త పాస్‌వర్డ్ పెట్టండి. పైకి చెప్పకండి.”

“చెప్పను. పెట్టా. మళ్ళీ అదే పెట్టమంటోంది. పెట్టా. ఆ, వచ్చింది. నీ కడుపు చల్లగుండ, ఇంక పెట్టెయ్ ఫోను.”

“పెట్టేస్తున్నా.”

“పెట్టకు, పెట్టకు. ఇదేదో రాసింది. ‘ఈ కంప్యూటర్‌లో పరీక్ష ఇప్పటికే మరొకరి పేరు మీద తెరిచి ఉంది. అది మూసేవరకు ఇక్కడ మొదలు కాదు.’”

“ఏ పరీక్ష?”

“...కళ్ళ పరీక్ష.”

“కంప్యూటర్‌లోనా?”

“ఈ రోజుల్లో అన్నీ అందులోనేగా.”

“అత్తయ్యా.”

“ఊఁ.”

“ఏ పరీక్ష?”

“పదో తరగతి. లెక్కలు. అదొక్కటే పోయింది అప్పట్లో. మా నాన్న పాసయ్యిందని చెప్పి పెళ్ళి చేసేశాడు. పక్క వీధి పిల్లల బడిలో టీచరు పక్కన పని ఉందట. వయసు పట్టింపు లేదు, సర్టిఫికెట్ మాత్రం చూపించాలన్నారు. అబ్బాయికి చెప్పకు. మీ మామయ్యకి అసలే చెప్పకు. మా ఆవిడ టెన్త్ పాసని నలభై రెండేళ్ళుగా కనపడ్డవాళ్ళందరికీ చెప్పుకుంటారాయన.”

“చెప్పను. ఎన్నాళ్ళనించి చదువుతున్నారు?”

“ఎనిమిది నెలలు. ఆయన మధ్యాహ్నం పడుకున్నప్పుడు. ముందు ఇది చూడవే, ఎవరి పేరు మీద తెరిచుందట?”

“చూస్తున్నా. మామయ్య తన పేరుతో లోపలికొచ్చి, మూయకుండా తాళం వేసుకుని వెళ్ళారు. నేను ఇక్కణ్ణుంచి ఆయన్ని బయటికి నెట్టెయ్యచ్చు. కాకపోతే ఆయన దాచుకోనిదేదన్నా ఉంటే పోతుంది. ఏం తెరిచారో పేర్లు చూస్తా... అత్తయ్యా.”

“చెప్పు.”

“ఒక్కటే ఉంది. మీరు తెరిచిందే.”

“నా పరీక్ష ఆయన దగ్గరెందుకుంటుంది?”

“మీది కాదు. ఆయనది.”

“ఆయనకేం పరీక్ష? ఆయన ఎప్పుడో పాస్... తలుపు చప్పుడైంది. వచ్చేశారు.”

“ఇదేమిటి, నువ్వింకా వెళ్ళలేదా?”

“తలనొప్పన్నాగా.”

“తలనొప్పికి కంప్యూటరా మందు?”

“కుట్టించిన చెప్పులేవి?”

“కుట్టేవాడు లేడు. లే, అక్కడ నాకు కొంచెం పనుంది.”

“ఏం పని?”

“ఏదో చిన్న పని.”

“అత్తయ్యా, ఫోను స్పీకర్‌లో పెట్టండి. మామయ్యా, నేను, మీ కోడల్ని. టైము పదీ నలభై ఆరు. మీ ఇద్దరిదీ ఒకే పరీక్ష, ఒకే టైము, ఒకే కంప్యూటర్. దాచుకోవడానికి టైము లేదు.”

“ఇద్దరిదీ అంటే?”

“ఇద్దరిదీ అంటే ఇద్దరిదే.”

“నువ్వూ రాస్తున్నావా?”

“మీరూనా? ఏ సబ్జెక్టు?”

“లెక్కలు.”

“పోయిందా మీకు? పాసన్నారుగా.”

“మావాళ్ళు అలా చెప్పారు. డ్రైవరుగా స్టీరింగు పట్టుకున్నన్నాళ్ళూ ఎవరూ అడగలేదు. రిటైరయ్యాక అదొక్కటే గొంతులో ముల్లులా కూర్చుంది.”

“మరి మీ అబ్బాయికి చిన్నప్పుడు లెక్కలెవరు చెప్పారు మామయ్యా?”

“అమ్మనడుగు అనేవాణ్ణి.”

“నేను నాన్ననడుగు అనేదాన్ని.”

“అందుకే కాబోలు మీ అబ్బాయి, లెక్కలు చెప్పిన పక్కింటావిణ్ణి ఇంకా తలుచుకుంటారు. సరే, వినండి. పది నిమిషాల ముందు దాకా సాయంత్రానికి మార్చుకోవచ్చని ఇక్కడ రాసుంది. ఎవరో ఒకరు మార్చుకోవాలి. ఇంకా మూడు నిమిషాలుంది.”

“మీరే రాయండి. నేను సాయంత్రం రాస్తా.”

“సాయంత్రం నీకు కళ్ళు లాగుతాయి. కూర్చో.”

“మీరు పొద్దున్నే లేచి అన్నీ సర్దుకున్నారు.”

“నిన్ను చెల్లెలింటికి తోలడానికి సర్దుకున్నా. అమ్మాయ్, నాది మార్చు.”

“మీరే మార్చాలి మామయ్యా. మీ తాళం తీసి, ఆ సాయంత్రం అన్నదాని మీద నొక్కండి. అత్తయ్యా, మీరు అటు తిరగండి, పాస్‌వర్డ్ చూడకూడదు.”

“నాకెందుకే ఆయన పాస్‌వర్డ్.”

“నొక్కా. నాలుగింటికి అని వచ్చింది.”

“అయితే మీరు పూర్తిగా బయటికి వచ్చేయండి. ఊరికే తాళం వెయ్యడం కాదు, సైనవుట్. ఆ. అత్తయ్యా, ఇప్పుడు మీ పేరు నొక్కండి... పరీక్ష తెరుచుకుందా?”

“తెరుచుకుంది. ఎనిమిది నిమిషాల్లో మొదలవుతుందంటోంది.”

“ఇంక నేను పోవాలి. దూరం నుంచి ఎవరైనా చూస్తుంటే పరీక్ష రద్దు చేసేస్తుందది. చివరి ప్రశ్న దాకా రాయండి అత్తయ్యా, ఏదీ వదలకండి. ఉంటా.”

“పెట్టేసింది. ఏమండీ.”

“నీళ్ళు కావాలా?”

“వద్దు. మీకు కోపం రాలేదా?”

“దేనికి?”

“మా నాన్న మీకు అబద్ధం చెప్పాడు. నలభై రెండేళ్ళు నేనూ నోరు విప్పలేదు.”

“నాకప్పుడే తెలుసు.”

“ఎలా తెలుసు?”

“ఒకే బడి కదా. రిజల్ట్సు గోడకి అంటించిన రోజు వెళ్ళా. నా నంబరు లేదు. నీ నంబరూ లేదు. పొరపాటు పడ్డానేమోనని నీది మళ్ళీ పైనుంచి కిందిదాకా చూశా.”

“నా నంబరు మీకెందుకు? అప్పటికి మనకి పరిచయమే లేదుగా.”

“నీకు లేదు.”